పిత్రార్జితం సొమ్ముతో వ్యాపారం: లాభం మీదా, ఉమ్మడి కుటుంబానిదా?

బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ల కార్ఖానా. పర్లాకిమిడిలో జీడిపప్పు బట్టీ. గుణుపురంలో బియ్యం వ్యాపారం, రాయగడలో లారీలు. ఇలాంటి వ్యాపారానికి తాతల నాటి పొలమో ఇంటి స్థలమో అమ్మిన డబ్బే పెట్టుబడి అయితే, లాభం మీద పన్ను ఎవరు కట్టాలన్నది మొదటే తేల్చుకోవాలి. చాలామందికి దొరికే సలహా ఒకటే: హెచ్‌యూఎఫ్ (హిందూ ఉమ్మడి కుటుంబం) పేరుతో ఇంకో పాన్ తీసేయండి, పన్ను సగానికి తగ్గిపోతుంది. పాన్ తీయడం ఎంతసేపు! కానీ పాన్ కార్డు వచ్చినంత మాత్రాన ఉమ్మడి ఆస్తి పుట్టదు. పెట్టుబడి డబ్బు పిత్రార్జితమని కాగితం చెప్పాలి. చెప్పకపోతే, హెచ్‌యూఎఫ్ రిటర్నులో చూపించిన లాభాన్ని అధికారి తీసుకెళ్లి కర్త (కుటుంబ వ్యవహారాలు నడిపే పెద్ద) సొంత ఆదాయంలో కలిపేస్తాడు.

ఇక్కడ ఇచ్చిన పన్ను సెక్షన్ల నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయం దాకా ఆ చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చింది. నంబర్లు మారాయి గానీ ఉమ్మడి కుటుంబం విషయంలో మూల సూత్రాలు అవే.

ముందు సొమ్ము పుట్టుక తేల్చండి

తండ్రి నుంచి వచ్చిందంతా పిత్రార్జితమే అనుకోవడం మన ఇళ్లల్లో మామూలు. చట్టం అలా చూడదు. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. ఆ తరువాత తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితం ఆ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం వారసులకు వెళ్తుంది. కొడుక్కి వచ్చిన ఆ వాటా కొడుకు సొంతం, అందులో మనవడికి పుట్టుకతో హక్కు లేదు. చందర్ సేన్ కేసులో 1986లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది, అదీ పన్ను వివాదంలోనే. కాబట్టి మీ నాన్నగారు సొంత సంపాదనతో కొన్న స్థలం ఆయన పోయాక మీకు వస్తే, దాన్ని అమ్మిన డబ్బుతో పెట్టిన దుకాణం లాభం మీ సొంత పాన్‌లోనే చూపాలి. హెచ్‌యూఎఫ్ మాట అక్కడ రాదు.

మరి ఉమ్మడి సొత్తు అయ్యేది ఏది? 1956కి ముందే తాత నుంచి తండ్రికి దిగివచ్చి, ఇప్పటికీ పంచుకోకుండా ఉన్నది. పెద్ద ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు మీ శాఖకు వాటాగా వచ్చింది. ఎవరైనా మీ ఉమ్మడి కుటుంబానికే అని స్పష్టంగా రాసి దానం చేసిందో, వీలునామా ద్వారా ఇచ్చిందో. వీటిలో రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది, రుజువు చేయడమూ దాన్నే తేలిక. తండ్రి తన స్వార్జితాన్ని కొడుక్కి వీలునామా రాస్తే, అది కొడుకు కుటుంబం కోసమని మాటల్లో కనబడాలి. కనబడకపోతే కొడుకు సొంతమే. అరుణాచల ముదలియార్ కేసులో 1953లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చింది. అమ్మమ్మ వైపు నుంచి, మాతామహుల నుంచి వచ్చింది ఎంత పాతదైనా పిత్రార్జితం కాదు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. 2005 సెప్టెంబరు 9 తరువాత ఉమ్మడి కుటుంబంలో వాటాదారు చనిపోతే, ఆ క్షణానికి పంపకం జరిగినట్టు భావించి, ఆయన వాటా వారసులకు వాళ్ల సొంత ఆస్తిగా వెళ్తుంది. భార్య ముందే పోయిన తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకోండి. మూడు వాటాలు. తండ్రి పోతే ఆయన మూడో వంతు చెరో ఆరో వంతుగా కొడుకుకీ కూతురికీ సొంతమవుతుంది. ఉమ్మడిలో మిగిలేది మూడింట రెండు వంతులే. అంటే ఇంట్లో ప్రతి మరణంతోనూ ఉమ్మడి మూలధనం కొంత కరుగుతుంది. పదేళ్ల నాటి లెక్కనే ఏటా ఎక్కించుకుంటూ పోయే ఆడిటర్లకు ఈ సంగతి తట్టదు, మీరే గుర్తుచేయాలి.

ఒడిశా-ఆంధ్రా సరిహద్దు కుటుంబాలకు ఆడపిల్లల వాటా విషయంలో ఓ మెలిక ఉంది. గంజాం, పర్లాకిమిడి ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అందుకే ఇచ్ఛాపురం, పాతపట్నంలలోని బంధువులతో ఆస్తులు కలగలిసి ఉండటం మామూలు. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది. ఒడిశాలో అలాంటి రాష్ట్ర సవరణ లేదు. ఇక్కడ ఆ హక్కు 2005 కేంద్ర సవరణతోనే వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలకు మాత్రం మినహాయింపు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నామంటే, దాన్ని బలపరిచే ప్రభుత్వ రికార్డు లేకుండా నిలవదు. హెచ్‌యూఎఫ్ సభ్యుల జాబితాలో పెళ్లయి వెళ్లిన ఆడపడుచు పేరు వదిలేస్తే, రేపు పంపకం దగ్గర ఆ జాబితానే మీకు ఎదురు తిరుగుతుంది.

సొంత డబ్బు ఉమ్మడిలో వేస్తే

మీ జీతమో స్వార్జితమో ఉమ్మడి ఖాతాలో వేసి, ఇది కుటుంబానిది అని రాసుకోవచ్చు. హిందూ న్యాయం దాన్ని ఒప్పుకుంటుంది. పన్ను చట్టం ఒప్పుకోదు. 1969 డిసెంబరు 31 తరువాత అలా మార్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయం 64(2) సెక్షన్ ప్రకారం మీ సొంత ఆదాయంలోనే కలుస్తుంది. పంపకం అయి అందులో కొంత మీ భార్యకు వెళ్లినా ఆ భాగం మీద ఆదాయం మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ఒక్కటే వెసులుబాటు: అలా వచ్చిన ఆదాయాన్ని తిరిగి పెట్టుబడి పెడితే, దాని మీద వచ్చే ఆదాయం హెచ్‌యూఎఫ్‌దే. అందువల్ల మొదటి ఆదాయాన్నీ దాని పిల్ల ఆదాయాన్నీ వేరు వేరు ఖాతాల్లో ఉంచాలి. కలిపేస్తే విడదీసి చూపించడం ఎవరి వల్లా కాదు.

మేనమామ ఇచ్చే బహుమతి దగ్గర కూడా జాగ్రత్త. మేనమామ మీకు సొంతంగా పది లక్షలిస్తే పన్ను లేదు, ఆయన మీకు దగ్గరి బంధువు. అదే పది లక్షలు మీ హెచ్‌యూఎఫ్ ఖాతాలో వేస్తే మొత్తం పన్నుకు వస్తుంది. హెచ్‌యూఎఫ్‌కు బంధువులంటే దాని సభ్యులే. ఏడాదిలో బయటివాళ్ల నుంచి వచ్చింది 50,000 దాటితే దాటినంతే కాదు, మొత్తానికి పన్ను. వీలునామా ద్వారా వస్తే ఈ బెడద లేదు.

పాన్, ఖాతా, మొదటి ఎంట్రీ

పాన్ దరఖాస్తు కర్త సంతకంతో వెళ్తుంది. పుట్టుకతో వాటా ఉన్నవాళ్లందరి పేర్లు, తండ్రి పేర్లు, చిరునామాలతో కర్త అఫిడవిట్ జతచేయాలి. కార్డు వచ్చాక నాలుగో అక్షరం చూడండి. వ్యక్తి పాన్‌లో అది పీ, ఉమ్మడి కుటుంబం పాన్‌లో హెచ్. ఆ పాన్‌తో బ్యాంకులో హెచ్‌యూఎఫ్ కరెంటు ఖాతా తెరవాలి. కర్త సొంత సేవింగ్స్ ఖాతాలోంచి సరుకు కొని, ఏడాది చివర్లో సర్దుబాటు చేద్దాం అనుకుంటే అక్కడే కథ చెడుతుంది. ఎవరి ఖాతాలోంచి డబ్బు కదిలిందో వాళ్లదే వ్యాపారం అని అధికారి మొదట అనుకుంటాడు.

ఖాతా పుస్తకంలో మొదటి ఎంట్రీని సొమ్ము పుట్టుక కనిపించేలా రాయండి. ఉదాహరణకు ఇలా: ‘మూలధనం రూ. 20,00,000. 1971 రిజిస్టర్డ్ భాగపంపకాల దస్తావేజు, బి షెడ్యూలు, 3వ అంశం ఇంటి స్థలం విక్రయం, విక్రయ దస్తావేజు నంబరు, తేదీ, బ్యాంకులో జమ అయిన తేదీ.’ ఈ ఒక్క వాక్యంలో ఉన్న ప్రతి కాగితం ఫైల్లో ఉండాలి. పాత దస్తావేజు తెలుగులోనూ, ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) ఒడియాలోనూ ఉంటే రెండింటికీ ఇంగ్లీషు అనువాదం చేయించి నోటరీ వేయించి పెట్టుకోండి. ఒడిశా భూ రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లోంచి తీసిన ఖతియాన్ నకల్లో తాత పేరే ఇంకా ఉంటే మంచి రుజువే, కానీ ఒక్కటీ చాలదు. భూమి ఎవరి పేరున ఉందో చెప్తుంది గానీ అది ఎలా వచ్చిందో చెప్పదు.

స్థలం అమ్మేటప్పుడే జరిగే పొరపాటు ఒకటుంది. విక్రయ దస్తావేజులో కర్త సొంత పాన్ వేస్తారు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్ కూడా అదే పాన్ మీద కడతారు. ఇక ఆ అమ్మకం కర్త వ్యక్తిగత వార్షిక సమాచార పత్రంలోకి ఎక్కుతుంది, తరువాత అది ఉమ్మడి స్థలమని ఎంత మొత్తుకున్నా మొదటి నోటీసు తప్పదు. రిజిస్ట్రేషన్‌కు ముందే హెచ్‌యూఎఫ్ పాన్ సిద్ధంగా ఉండాలి. ఆ అమ్మకం మీద మూలధన లాభాల పన్ను కూడా హెచ్‌యూఎఫ్‌దే. 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. 2024 జూలై 23కి ముందే చేతిలో ఉన్న స్థలమో ఇల్లో అయితే, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొనుగోలు ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా అన్న రెంటిలో తక్కువది ఎంచుకునే వీలు వ్యక్తులకున్నట్టే హెచ్‌యూఎఫ్‌కూ ఉంది.

కర్త కష్టానికి జీతం

లాభం కుటుంబం పెట్టుబడి వల్ల వచ్చిందా, మనిషి శ్రమ వల్ల వచ్చిందా? కోర్టుల్లో ఎక్కువగా నలిగింది ఈ ప్రశ్నే. రాజ్‌కుమార్ సింగ్ హుకుంచంద్‌జీ కేసులో 1970లో సుప్రీంకోర్టు ఇచ్చిన కొలత ఇది: ఆ రాబడి నిజంగా కుటుంబ సొత్తు పెట్టుబడికి ప్రతిఫలమైతే కుటుంబానిది, మనిషి చేసిన సేవకు ప్రతిఫలమైతే అతనిది. కంపెనీలో హెచ్‌యూఎఫ్‌కు నాలుగు వాటాలున్నంత మాత్రాన అక్కడ డైరెక్టరుగా పనిచేసే కర్త జీతం కుటుంబానిది కాదు.

హెచ్‌యూఎఫ్ సొంతంగా నడిపే వ్యాపారంలో కర్తకు జీతం ఇచ్చుకోవచ్చు, ఖర్చుగా రాసుకోవచ్చు. 1967లో జుగల్ కిషోర్ బల్దేవ్ సహాయ్ కేసు దానికి ఆధారం. షరతులున్నాయి. మిగతా సభ్యులు ఒప్పుకున్న ఒప్పందం ముందే కాగితం మీద ఉండాలి, పని నిజంగా చేయాలి, మొత్తం బయట మేనేజరుకిచ్చేదానికి దగ్గరగా ఉండాలి. మార్చి 31న కూర్చుని పాత తేదీ వేసి రాసిన ఒప్పందం ఇంకు రంగు చూస్తేనే తెలిసిపోతుంది. జీతం కర్త సొంత రిటర్నులో పన్నుకు వస్తుంది. మిగిలిన లాభాన్ని సభ్యులు పంచుకుంటే వాళ్ల చేతిలో 10(2) సెక్షన్ కింద పన్ను లేదు.

భాగస్వామ్య సంస్థలో హెచ్‌యూఎఫ్ నేరుగా భాగస్వామి కాలేదు. కర్త దాని తరఫున చేరతాడు. భాగస్వామ్య ఒప్పందంలో ‘హెచ్‌యూఎఫ్ కర్త హోదాలో’ అన్న మాట, పెట్టుబడి హెచ్‌యూఎఫ్ ఖాతాలోంచి వచ్చిన వివరం ఉండాలి. లాభంలో వాటాకు 10(2ఏ) కింద మినహాయింపు ఉంది. పెట్టుబడి మీద సంస్థ ఇచ్చే వడ్డీ హెచ్‌యూఎఫ్ ఆదాయం.

కుటుంబం డబ్బు కర్త సొంత వ్యాపారానికి అప్పుగా తీసుకోవచ్చు. అప్పుడు ఆ వ్యాపారం లాభం అతనిదే, హెచ్‌యూఎఫ్‌కు వడ్డీ మాత్రం ఆదాయం. అయితే 20,000, ఆపైన అప్పు నగదుగా వద్దు, చెక్కో ఆన్‌లైనో కావాలి. లేకపోతే తీసుకున్న మొత్తమంత జరిమానా పడొచ్చు.

పన్ను ఎంత పడుతుంది

కొత్త పద్ధతిలో 2025-26కు హెచ్‌యూఎఫ్ స్లాబులు వ్యక్తులవే. 4 లక్షల దాకా లేదు, 8 దాకా 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15, 20 దాకా 20, 24 దాకా 25, ఆపైన 30. పన్ను మీద 4 శాతం సెస్సు. చాలామంది తప్పటడుగు వేసేది తరువాతి మెట్టు దగ్గర. 12 లక్షల దాకా పన్ను లేదన్న మాట 87ఏ రిబేటు వల్ల. ఆ రిబేటు నివాసి అయిన వ్యక్తికే, హెచ్‌యూఎఫ్‌కు లేదు. 12 లక్షల ఆదాయమున్న హెచ్‌యూఎఫ్ 60,000 పన్ను, 2,400 సెస్సు, మొత్తం 62,400 కట్టాలి.

జీడిపప్పు బట్టీ లెక్క చూద్దాం. ఏడాది అమ్మకాలు 90 లక్షలు, అందులో 70 లక్షలు బ్యాంకు ద్వారా, 20 లక్షలు నగదు. 44ఏడీ కింద అంచనా లాభం చూపితే బ్యాంకు భాగానికి 6 శాతం 4.20 లక్షలు, నగదు భాగానికి 8 శాతం 1.60 లక్షలు. మొత్తం 5.80 లక్షలు. హెచ్‌యూఎఫ్ కట్టేది 9,000 పన్ను, 360 సెస్సు, అంటే 9,360. ఇదే లాభం, 14 లక్షల పన్ను ఆదాయమున్న కర్త లెక్కలో కలిస్తే అదనంగా 1,10,240 పడేది. తేడా లక్ష పైమాటే. అదే కర్తకు వేరే ఆదాయమేమీ లేకపోతే రిబేటు పుణ్యాన అతని చేతిలో పన్ను సున్నా, హెచ్‌యూఎఫ్‌లో 9,360. అలాంటి ఇంట్లో పన్ను కోసమే కొత్తగా హెచ్‌యూఎఫ్ పెట్టడం దండగ. అయితే సొత్తు నిజంగా పిత్రార్జితమైతే మీకు ఎంపిక లేదు, హెచ్‌యూఎఫ్ రిటర్ను వేయాల్సిందే.

44ఏడీ అమ్మకాలు 2 కోట్ల దాకా, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా పనికొస్తుంది. కమీషను, ఏజెన్సీ వ్యాపారాలకు పనికిరాదు. ఇందులో చేరితే కర్త జీతం విడిగా తగ్గించుకోవడం కుదరదు, ఖర్చులన్నీ ఆ శాతంలోనే తీరిపోయినట్టు. ముందస్తు పన్ను మార్చి 15లోగా ఒక్కసారే కట్టొచ్చు. ఒకసారి చేరి ఐదేళ్లలోపు బయటికొస్తే తరువాత ఐదేళ్లు మళ్లీ చేరలేరు. రిటర్ను ఫారం 44ఏడీకి, ఆదాయం 50 లక్షల లోపైతే ఐటీఆర్-4, మామూలు పుస్తకాలైతే ఐటీఆర్-3. పాత పద్ధతి కావాలంటే గడువులోగా 10-ఐఈఏ ఫారం ఇవ్వాలి. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు ఒకసారి పాతదానికి వెళ్లి కొత్తదానికి తిరిగొస్తే మళ్లీ పాతదానికి పోలేరు.

పుస్తకాలు రాసి లాభం చూపేవాళ్లు నగదు కొనుగోళ్లు చూసుకోండి. ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చు కొట్టేస్తారు. గజపతి కొండల్లో రైతు దగ్గరే జీడిపిక్కలు కొంటే ఈ నిబంధన వర్తించదు. మధ్యలో షావుకారి దగ్గర కొంటే వర్తిస్తుంది. అందుకే కొనుగోలు చీటీ మీద పండించిన రైతు పేరు, ఊరు, సంతకమో వేలిముద్రో ఉండాలి.

సొంత తోట పిక్కలు సొంత బట్టీలో కొడితే ఆదాయం రెండు ముక్కలు. పిక్కలకు ఆ రోజు మార్కెట్ ధర ఎంతో అంత వ్యవసాయ ఆదాయం, పప్పుగా మార్చాక మిగిలేది వ్యాపార లాభం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా 5,000 మించితే రేటు లెక్కలో కలుపుతారు. ఛత్రపూర్ వైపు మొగలి పొత్తులు అత్తరు బట్టీలకు అమ్మేవాళ్లు ఇంకో తేడా గమనించాలి. నాటి, పోషించిన మొగలి డొంక నుంచి వచ్చింది వ్యవసాయం. గట్టు మీద తనంతట తాను మొలిచిన దాని పూలు అమ్మితే కాదు. దుక్కి, నాటు లాంటి మూలపని లేనిదే వ్యవసాయం కాదని 1957లో రాజా బినయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

జీఎస్‌టీలో హెచ్‌యూఎఫ్ వేరే వ్యక్తి కింద లెక్క. ఒడిశాలో సరుకుల వ్యాపారానికి పరిమితి 40 లక్షలు. కానీ పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి పన్ను పడే సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. ఒక్క బస్తా అయినా ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. గీతకు అవతల కూడా గొడౌను తెరిస్తే ఆంధ్రాలో మరో రిజిస్ట్రేషన్ కావాలి.

కర్త పోతే, కుటుంబం విడిపోతే

కర్త పోయాక పుట్టుకతో వాటా ఉన్నవాళ్లలో పెద్దవారు కర్త అవుతారు. పెద్ద కూతురైనా కావచ్చని 2015లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. భార్యకు పుట్టుకతో వచ్చే వాటా లేదు గనుక ఆవిడ కర్త కాలేరు. బ్యాంకులో సంతకం మార్పు, జీఎస్‌టీలో అధీకృత వ్యక్తి మార్పు, ఆదాయపు పన్ను పోర్టల్లో కర్త మార్పు ఒకేసారి చేయించండి. ఒక్కటి వదిలినా ఆ ఏడాది రిటర్ను సంతకం దగ్గర ఆగిపోతుంది.

పంపకం మొత్తం జరగాలి. 1978 డిసెంబరు 31 తరువాత జరిగిన పాక్షిక పంపకాలను పన్ను శాఖ గుర్తించదు. పొలం పంచుకుని వ్యాపారం ఉమ్మడిగా ఉంచితే, అన్నింటి ఆదాయమూ ఇంకా హెచ్‌యూఎఫ్‌దే అంటుంది. భూములను హద్దులతో విడదీసి దస్తావేజు రిజిస్టరు చేయించాలి. ముక్కలు చేయలేని వ్యాపారాన్ని ఖాతాల్లో మూలధనం విడదీసి పంచుకోవచ్చు. ఆదాయం మాత్రమే పంచుకుని ఆస్తిని కదపకపోతే అది పంపకం కాదు. ఆ తరువాత అసెస్సింగ్ అధికారికి తెలియజేసి 171 సెక్షన్ కింద ఉత్తర్వు తీసుకోవాలి. ఆయన సభ్యులందరికీ నోటీసిచ్చి విచారిస్తాడు. ఉత్తర్వు వచ్చేదాకా, ఇప్పటిదాకా రిటర్ను వేస్తూ వచ్చిన హెచ్‌యూఎఫ్ కొనసాగుతున్నట్టే లెక్క. పంపకం మీద మూలధన లాభాల పన్ను లేదు, తాత నాటి కొనుగోలు ధరే వాటాతో పాటు వస్తుంది. పెళ్లయిన కొడుక్కి వచ్చిన వాటా అతని చిన్న ఉమ్మడి కుటుంబానిది. పెళ్లికానివాడైతే పెళ్లయ్యేదాకా అతని సొంతం.

వ్యాపారం ఒక్కరికే వాటాగా పడితే, అతను తన కొత్త పాన్ మీద జీఎస్‌టీ తీసుకున్నాకే పాతది రద్దు చేయించండి. ముందు రద్దు చేస్తే గొడౌన్లో ఉన్న సరుకు మీద వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి దక్కే తగ్గింపు) వెనక్కి కట్టాల్సి వస్తుంది. అప్పులు, ఆస్తులు సహా వ్యాపారం బదిలీ అయినట్టు కాగితం రాసి ఐటీసీ-02 ఫారం వేస్తే, వాడని క్రెడిట్ కొత్త రిజిస్ట్రేషన్‌లోకి వెళ్తుంది. హెచ్‌యూఎఫ్ పాన్ సరెండర్, బ్యాంకు ఖాతా మూసివేత వీటన్నిటి తరువాత, రావలసిన రిఫండు జమ అయ్యాకే.